పులిహోరలో తలనూనె

తలనూనె కాచడం మా అమ్మ తన తల్లి దగ్గర నేర్చుకుంది. నువ్వుల నూనెలో వట్టివేళ్ళు, మరువం, ఎండు గులాబీ రేకులు వేసి సన్నని సెగ మీద కాచేది. తలకూ అదే, ఒంటికీ అదే. తర్వాత మెదక్ కిరాణా కొట్లలో షాంపూ పొట్లాలు తోరణాల్లా వేలాడాయి. ఇంట్లో అందరం వాటికి మారిపోయాం. అమ్మ మాత్రం ఏటా కాచడం మానలేదు. వాడేది తనొక్కతే కాబట్టి నూనె మిగిలిపోయేది. ఒక ఏడాది సీసాలు చాలక వంటనూనె డబ్బాలో పోసి పెట్టింది.

తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు జరుగుతున్న రోజులవి. మా గల్లీ వంతుకు పులిహోర వచ్చింది. నూనె డబ్బా తెచ్చే పని నాది. జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంది, చేతికందిన డబ్బా తెచ్చిచ్చాను. పక్కింటి అత్తమ్మ పోపు వేసింది. ఆవాలు చిటపటమనగానే రోడ్డంతా గుబాళించింది. నినాదాలు ఆగిపోయాయి.

"ఎవలయ్యా గింత సెంటు కొట్టుకొచ్చింది?" అని మా గల్లీ వకీలు సాబ్ పక్కవాళ్ళ చొక్కాలు వాసన చూడసాగాడు.

అమ్మ పరుగున వచ్చింది. అప్పటికే గంగాళమంతా కలిపేశారు.

"అయ్యో, నా తలనూనె!"

"తింటే ఏమన్న అయితదా, వదినా?" అంది అత్తమ్మ.

"ఏం గాదు, నువ్వుల నూనెనే గద. గని తలకు పెట్టేది కడుపులకెట్ల పోతది?"

వకీలు సాబ్ గొంతు తగ్గించాడు. "పోలీసులు చూస్తున్నరు. పారబోస్తే ఉద్యమం ఇజ్జత్ పోతది. తినుండ్రి!"

తిన్నాం. పెళ్ళిపందిరిని నములుతున్నట్టు ఉంది. ఎవరూ ముఖం చిట్లించలేదు. ఆ వాసనకు ఒక కానిస్టేబుల్ కూడా వచ్చి విస్తరాకు పట్టాడు. రెండోసారి పెట్టించుకుని, "గిది ఎట్ల చేస్తరమ్మా?" అని అడిగాడు. ఎన్నో ఏళ్ళకు ఒకరు అడిగారన్న సంబరంలో అమ్మ వట్టివేళ్ళ దగ్గర్నుంచి నూనె కాచడమంతా చెప్పింది, తలకు పెట్టేదన్న ఒక్క మాట తప్ప. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు.

వారం తర్వాత మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "మా ఇంటామె చేసింది గని గా రుచి రాలేదమ్మా."

అమ్మ ఇక దాచలేక, అది తలకు రాసుకునే నూనె అని చెప్పేసింది. ఆయన టోపీ తీసి తల నిమురుకున్నాడు.

"అట్లనా! అయితే తలకు గూడ పెట్టుకోవచ్చన్నమాట."

అమ్మ లోపలికెళ్ళి ఒక సీసా నింపి ఇచ్చింది.