ఒత్తులు పడే యంత్రం

గొంతు ఆపరేషన్ అయ్యాక నా భార్య మొదట అడిగింది కంప్యూటర్. నోటితో అడగలేదు, అడగడానికి గొంతు లేదు. తిరుపతి ఆస్పత్రిలో మంచం మీద పడుకుని, దుప్పటి పైన పది వేళ్లూ ఆడించింది. చలికి వణుకుతోందనుకుని నర్సమ్మ ఇంకో దుప్పటి కప్పింది. నాకు మాత్రం తెలిసింది. చిత్తూరులో కోర్టుకు ఎదురుగా మా టైపింగ్ అంగట్లో ఆ వేళ్లు అలా ఆడటం ఎన్నేళ్లు చూశానో.

డాక్టరు వచ్చి, "ఆమెకు నొప్పి ఎలా ఉంది?" అని నన్ను అడిగాడు. పక్కనే కళ్లు తెరుచుకుని చూస్తున్న మనిషిని వదిలి నన్ను!

"చెవులు కూడా కోసేసినారా సామీ? ఆమెనే అడగండి," అన్నాను.

ఆయన అడిగాడు. ఆమె తల ఊపింది. ఊపిన తలకు ఏమర్థమో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఉందనా, పర్వాలేదనా, ఇక చాలనా? మాట ఉన్నప్పుడు ఈ మూడింటికీ మూడు మాటలుండేవి.

నేను బడిలో చదివింది తక్కువ. చదువంతా ప్రెస్సులో. కంపోజింగులో సీసపు అక్షరాలు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉండేవి, అలా తిరగేసే తెలుగు నేర్చుకున్నాను. ఆ పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు. ప్రెస్సులు మూతపడ్డాక, టైపు నేర్చిన నా భార్య వేళ్ల మీద మా సంసారం నడిచింది. దస్తావేజులు, అఫిడవిట్లు, నోటీసులు ఆమె కొట్టేది, ప్రూఫు నేను చూసేవాణ్ని. బంగారుపాళ్యం మామిడితోటలు ఎన్ని చేతులు మారాయో, ఏ తోటకు తూర్పున ఎవరి గట్టు ఉందో ఆమె నాలుక చివర ఉండేది.

ఆస్పత్రి నుంచి ఇల్లు చేరాక అంగడి కంప్యూటర్ మీద గుడ్డ తీసి స్విచ్ వేశాను. లేవలేదు. మెకానిక్ వచ్చి మూత విప్పి, "బోర్డు పోయిందన్నా, ఈ కాలంది ఇప్పుడు దొరకదు," అని మూత పెట్టేశాడు. అప్పుడు నా బావమరిది తను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. అందులో ఉన్నది ఊరికే దొరికే సిస్టం, ఎవరి సొత్తూ కానిది. నాకు నచ్చింది. కానీ నా భార్య వేళ్లకు తెలిసిన ఆఫీసు ప్రోగ్రాము వేరే సిస్టంది. దాని మీద ఎక్కి కూర్చునే తెలుగు టైపు సాఫ్ట్‌వేరు ఇంకా పాతది. దానికి బొటనవేలంత డాంగిల్ ఒకటి ఉంటుంది, కంప్యూటర్‌కు గుచ్చితేనే తెలుగు పడుతుంది. దాన్ని చేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. కొత్త కంప్యూటర్లు ఆ డాంగిల్‌ను గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. బాగా నడిచేదాన్ని పాతది అని పేరు పెట్టి చంపడం ఈ కాలపు వ్యాపారం.

"ఈ పాత సామానుతో ఎందుకు బావా తిప్పలు?" అన్నాడు బావమరిది. "ఫోన్లో తెలుగు ఉండాది గదా. అక్కకు ఒక ఫోను ఇస్తే సరిపాయె."

"ముందు మీ అక్క వేళ్లు సూడబ్బా. మందులకు మొద్దుబారినాయి. ఆ గాజు పలక మీద యాడ తాకినా ఒగటే ఆమెకు."

"పెన్నుతో రాయమను."

"పెన్ను జారిపోతా ఉండాది. కీబోర్డు మీట అయితే తిరిగి తోస్తాది, వేలికి తెలుస్తాది. ఆ మీటల వరస ఆమె చేతిలో ఉండాది, తలకాయలో గూడా లేదు."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దుప్పటి మీద వేళ్లు ఆడించింది.

అలా మొదలైంది నా చదువు. ఒక సిస్టంలో ఇంకో సిస్టం ప్రోగ్రాములు నడపడానికి దారులు ఉన్నాయి. ఒకటి దుబాసీ లాంటిది. ఆ ప్రోగ్రాము మాట్లాడేది ఈ సిస్టానికి అర్థమయ్యేలా మార్చి చెబుతుంది, వేరే యంత్రం అక్కర్లేదు. రెండోది వర్చువల్ మిషన్, అంటే యంత్రం లోపల యంత్రం. మన ఇంట్లోనే ఒక గది కట్టి, వేరే పొయ్యి, వేరే తాళం ఇచ్చి పాత సిస్టాన్ని అందులో కాపురం పెట్టడం. ఆ గది కట్టేవాటిలో కొని వాడేవి ఉన్నాయి, ఊరికే దొరికేవి ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది, ఎక్కడో దూరాన ఎవరి కంప్యూటర్‌లోనో నడిపించి మనకు తెర మాత్రం చూపించేది. ఆ పేజీని సగంలో మూసేశాను. నా పెళ్లాం నాకు చెప్పే మాట ఎవరింటికో పోయి, వాళ్ల గుమ్మం తొక్కి రావాలా?

ముందు దుబాసీని పెట్టాను. ఆఫీసు ప్రోగ్రాము తెరుచుకుంది. కిందామీదా పడి తెలుగు అక్షరాలు కూడా రప్పించాను. ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టాను. వేళ్లు మీటల మీద దిగాయి. తెర మీద ఇలా పడింది:

అనం వదు. మజిగ చాలు.

ఒత్తు ఒక్కటీ పడలేదు. ఆమె తెర వైపు చూసి, నా వైపు చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కంగారు పడ్డాను. నవ్వుతోంది. గొంతు లేని నవ్వు అలా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. మళ్లీ కొట్టింది:

గొంతు పోయింది సరే. ఒతులు గూడా పోయినాయా?

నాకు మాత్రం నవ్వు రాలేదు. కంపోజింగ్ కేసులో, అంటే అక్షరాల పెట్టెలో, ఒత్తులకు వేరే గడులుండేవి. గడిలో ఒత్తులు అయిపోతే పక్క ప్రెస్సుకు పరిగెత్తి అడుక్కుని వచ్చేవాళ్లమే గానీ, ఒత్తు లేకుండా పేజీ దించిన పాపాన పోలేదు. అంత తెలివి ఒలకబోసే ఈ యంత్రానికి అన్నం కింద ఒక నకారపు ఒత్తు పెట్టడం చేతకాలేదు. దుబాసీకి సెలవిచ్చాను.

రెండోసారి, గది కట్టేవాటిలో కొనే రకం తెచ్చాను. కొన్నాళ్లు ఊరికే వాడి చూడమంటారు గదా, అది. లోపల పాత సిస్టం లేచింది, డాంగిల్‌ను గుర్తుపట్టింది, అన్నం అన్నంలాగే పడింది. ఆ రోజంతా ఆమె ఆగలేదు. పక్కింటామె కోడలికి కాన్పు అయిందా, పెరట్లో కరివేపాకు చెట్టు బతికుందా, నా చొక్కా గుండీ ఎవరు కుట్టారు, ఇంత వంకరగా. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూ కూర్చున్నాను. ఇంట్లో మళ్లీ మాట వినిపించింది.

గడువు తీరాక అద్దె కట్టమంది. "నేను కడతా బావా," అన్నాడు బావమరిది, కట్టాడు కూడా. నాకు పట్టలేని కోపం వచ్చింది దానికి కాదు. మా సందులో నెట్ పోవడం మామూలే. ఒక పొద్దున నెట్ లేదు, ఆమెకు నొప్పి వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిస్తే, మీ అనుమతి సరిచూడలేకపోతున్నాం అని పలక ఒకటి అడ్డం నిలబడింది. ఎవరి అనుమతి? ఎవడి దగ్గర? ఆమె చేతులు మీటల మీద పెట్టుకుని నా మొహం చూస్తూ కూర్చుంది. నొప్పి ఎక్కడో చెప్పడానికి నా చెయ్యి పట్టుకుని తన ఒంటి మీద ఆ చోటికి తీసుకుపోయింది. నెట్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దాన్ని నేనే తీసి పారేశాను.

ఇక మిగిలింది ఊరికే దొరికేది. పాత సిస్టం లేచింది గానీ డాంగిల్ దాని కంటికి ఆనలేదు. దానికి వేరే ముక్క ఒకటి తగిలించాలట. తగిలించాను. అప్పుడు, డాంగిల్ ముట్టుకునే హక్కు నీకు లేదంది. నా ఇల్లు, నా డాంగిల్, హక్కు లేదట! ఆ హక్కు నాకు నేనే ఇచ్చుకోవాలని ఒక పేజీలో దొరికింది. నల్లటి తెర మీద ఒక్కో అక్షరం చూసి కొట్టి, ఇచ్చుకున్నాను.

"ఇది రేపు గూడా తెరుచుకుంటాదని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా బావా?" అన్నాడు బావమరిది.

"చేస్తా. నీ తలకాయ మీద చెయ్యి పెట్టి చేస్తా."

మంచం మీద నుంచి టకటకా చప్పుడు. ఇద్దరం పోయి చూశాం.

వాడి తలకాయ జోలికి పోవద్దు. ఉండేదే కొంచెం.

అది నిలబడింది. నెట్ ఉన్నా లేకున్నా తెరుచుకుంది. ఆమెకు చిలిపితనం వచ్చినప్పుడు దస్తావేజు భాషలోకి దిగేది: "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఈ ఇంటి యజమాని స్వహస్తములతో చేసిన ఉప్మాయందు ఉప్పు లేదు." డాక్టరుకు చూపించడానికి తిరుపతి పోయినప్పుడు బస్సులో ల్యాప్‌టాప్ నేను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు మళ్లీ అలవాటుగా నా వైపే తిరిగాడు. ఆమె కొట్టి, తెర ఆయన వైపు తిప్పింది: నొప్పి నాది. నన్ను అడగండి. ఆయన చదివి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను తొంగి చూడలేదు. బస్సెక్కాక ఆమే కొట్టి చూపించింది: ఇంక మందులు ఎక్కువ పని చెయ్యవంట. నువ్వు ఆయన మీద అరవొద్దు.

లోపలి యంత్రాన్ని మూసేటప్పుడు అది మూడు మాటలు అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు దాచమంటావా, పద్ధతిగా ఆపమంటావా, కరెంటు పీకమంటావా అని. నేను పద్ధతిగా ఆపేవాణ్ని. మళ్లీ లేవడానికి చాలాసేపు తీసుకునేది, ఆమెకు ఓపిక చాలేది కాదు. పండబెట్టు, చంపొద్దు, అని కొట్టింది ఒకరోజు. అప్పటి నుంచి దాచడమే. తెరిస్తే ఎక్కడ ఆగిందో అక్కడే, కొట్టిన మాట పక్కనే గీత మినుకుమంటూ ఉండేది.

రాను రాను మాటలు తగ్గాయి. పేజీ నుంచి వాక్యానికి, వాక్యం నుంచి మాటకు వచ్చింది. నీరు. కిటికీ. జరుపు. ఒత్తులున్న మాటలకు మీటలు ఎక్కువ నొక్కాలి గదా, అవి మానేసింది. అన్నం అనేది కొట్టడమే లేదు.

ఒక పొద్దున తనే ల్యాప్‌టాప్ అడిగింది. ఒక్కో వేలూ వెతుక్కుంటూ చాలాసేపు కొట్టింది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అని కామా పెట్టి నా వైపు చూసింది. కళ్లలో ఆ చిలిపితనం ఉంది. ఏదో అంటుందని నేనూ నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను. అంతలో ఆయాసం వచ్చింది. బావమరిదికి ఫోన్ చేశాను, వాడు బండి తెచ్చాడు. "వచ్చినాక చెబుదువులే మే, తొందరేముంది," అని దాచి మూత వేశాను.

తిరుపతి నుంచి ఆమె మళ్లీ రాలేదు. తీసుకొచ్చాం, అంతే.

కర్మాంతరాలు అయ్యాక బావమరిది వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. "బావా, ఇది అప్‌డేట్ అడగతా ఉండాది. ఎన్నాళ్లుగానో చేసినట్టు లేవే." చదివి, మళ్లీ అన్నాడు. "కొత్తది పెడితే, పాతదాంట్లో దాచింది తెరుచుకోదంట. పారెయ్యమంటా ఉండాది."

"వద్దు."

"ఫైళ్లు యాడికీ పోవు బావా. సేవ్ చేసినవి అట్లే ఉంటాయి. పోయేది ఆ తెరిచి పెట్టిందొకటే."

"ఆ ఒకటే అబ్బా."

వాడు నా వైపు చూశాడు. అక్క మొహమే వాడిది, ముక్కు దగ్గర. మెల్లగా మూత దించి, "టీ పెట్టేదా బావా?" అన్నాడు. ఉప్పు వేయకుండా పెట్టమన్నాను. ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం.

మొన్న ఒక్కసారి తెరిచాను. మూలన గడియారం ఆ పొద్దుటి వేళే చూపించింది. చూస్తుండగానే గంతేసి ఇవాళ్టికి వచ్చేసింది. కామా పక్కన గీత మినుకుమంటోంది. జన్మంతా ప్రూఫులు దిద్దినవాణ్ని. సగం వాక్యం కనబడితే చెయ్యి ఊరుకోదు. ఏమనగా, ఏమని? ఉప్పా, గుండీయా, తమ్ముడి తలకాయా? నేనే పూర్తి చేద్దామని మీటల మీద వేళ్లు పెట్టాను. ఆమె వరస నాకు రాదు. ఆ మీటల మీద రాసి ఉన్నది వేరు, తెర మీద పడేది వేరు. ఏదో ఒకటి నొక్కాను.

ఒత్తు పడింది. నకారపు ఒత్తు. పైన అక్షరం లేదు. కామా పక్కన, గీతకు కిందగా, ఒక్కటే వేలాడుతూ ఉంది.

చెరిపే మీట మాత్రం ఎవరి వరసలోనైనా ఒకటే. చెరిపాను. లోపలి యంత్రాన్ని మూయబోతే ఎప్పటిలాగే మూడు మాటలు అడిగింది. దాచమన్నాను.