ఆది జాకెట్టుకు ఒక్క స్టార్

మా చుట్టాల్లో ఎవరింట పెళ్లి జరిగినా, బంతి భోజనాల దగ్గర నా దుకాణం కథ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. "ఏమున్నది, ఆడబిడ్డ కూతురు ఫోన్‌ల వీడియో పెట్టింది, తెల్లారేసరికి మా వదినె ఫేమస్ అయింది" అంటారు. వినేవాళ్లు "అదృష్టమంటే గట్లుండాలె" అని తలూపి, పెరుగు వేయించుకుంటారు. నేను ఆ పక్క బంతిలోనే కూర్చుని ఉంటాను. ఆ కథలో నిజం ఫోన్ ఒక్కటే. మిగతాదంతా వాళ్ల సొంత వంటకం. నా దుకాణం నా ముందే పరాయిదైపోతుంటే అప్పడం నములుతూ కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

పద్మారావు నగర్‌లో మా ఇంటి ముందుగదికి షట్టరు ఉంది. అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక కటింగ్ బల్ల, మా మాస్టర్, నేను. జాకెట్లు తప్ప వేరే ఏమీ కుట్టం. కట్ చేసేది నేను, కుట్టేది మాస్టర్, హుక్కులు, చేతిపని మళ్లీ నేను. డిగ్రీ చదివి టైలరింగ్ ఏమిటని పెళ్లైన కొత్తలో కొందరు అడిగారు. డిగ్రీ చదివి మీరేం కుట్టారని తిరిగి అడిగాను. తరువాత ఎవరూ అడగలేదు.

చాలా ఏళ్లు దుకాణం బాగా నడిచింది. బోయిగూడ నుంచి కూడా ఆడవాళ్లు చీర కవరు చంకలో పెట్టుకుని నడిచి వచ్చేవారు. తరువాత సాగే గుడ్డతో రెడీమేడ్ జాకెట్లు వచ్చాయి. ఎవరికైనా పట్టేస్తాయి, ఎవరికీ నప్పవు, అయినా కొన్నారు. మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులతో బొటిక్ వచ్చింది. మా గల్లీలోకి తిరిగే అడుగులు తగ్గాయి. మాస్టర్ మధ్యాహ్నం మిషన్ మీదే తల వాల్చి కునుకు తీయడం మొదలైంది.

అప్పుడు మా ఆయన తన మనసులో మాట బయటపెట్టాడు.

"దసరా దాక చూద్దం. అప్పటికి సుత గిట్లనే ఉంటే షట్టర్ కర్రీ పాయింటోళ్లకు ఇచ్చేద్దం. వాళ్లు ఊకె అడుగుతున్నరు."

"నా కటింగ్ బల్ల మీద బగారా బైంగన్ పెట్టుకుంటరా?"

"బల్ల నువ్వే లోపలికి తీస్కపో. ఇంట్ల కూసొని టైంపాస్‌కు కుట్టుకో. ఎవరద్దన్నరు?"

కర్రీ పాయింట్ మాట కంటే ఆ టైంపాస్ అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. నా చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టి మరీ ఆయనతో వాదించాను. గెలవలేదు. దసరా అనే గడువు అలాగే నిలబడింది.

ఆ ఆదివారమే మా ఆడబిడ్డ కూతురు వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, చేతిలో ఫోన్ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. సంగతి విని, "అత్తమ్మా, ఇప్పుడు గల్లీలల్ల తిరిగి దుకాణం వెతికేటోళ్లు ఎవ్వరున్నరు? అందరు ఫోన్లనే వెతుకుతున్నరు. నువ్వు ఫోన్ల లేవు, అంటే అసలు లేనట్టే" అంది. ఆ మాట నిజం. ఆ పిల్లకు రావలసిన పేరు నేనేం కొట్టేయను. మ్యాపులో మా దుకాణం పేరు ఎక్కించింది, ఫోటోలు పెట్టింది, వీడియోలకు ఒక పేజీ తెరిచింది.

అయితే ఆ వీడియోల సంగతి కూడా చెప్పాలి. నా మంచి జాకెట్లన్నీ సంచిలో వేసుకుని బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గరకు తీసుకుపోయింది. మెట్ల మీద ఒక్కో జాకెట్టు పరిచి, వెనక సంగీతం పెట్టి తీసింది. "నేను మాట్లాడతా" అన్నాను. "వద్దత్తమ్మా, నువ్వు మాట్లాడితే కొట్లాట లెక్కనే ఉంటది" అంది. వీడియోలు చాలామంది చూశారు. కింద బోలెడు కామెంట్లు. ఇంత అందమైన బావి ఎక్కడుంది, టికెట్ ఉందా, బండి పార్కింగ్ దొరుకుతుందా అని. జాకెట్టు గురించి ఒక్క ప్రాణీ అడగలేదు. ఇదీ, చుట్టాలు చెప్పుకునే ఆ వీడియో మహిమ.

మెల్లగా మ్యాపులో చూసి కొందరు ఫోన్ చేశారు. ఊళ్ల నుంచి కూడా. చీర గుడ్డ పంపిస్తాం, కొలతలు ఎలా అని అడిగారు. చిన్న, మధ్య, పెద్ద అని సైజులు పెడదామంది మా పిల్ల. ఆ మాటకు మాస్టర్ కూడా నవ్వాడు. ఆడదాని ఒళ్లు మూడు సైజుల్లో ఒదిగేదైతే మా దుకాణం ఎందుకు?

"ఆది పంపమను" అన్నాను.

ఆది అంటే ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు. టేపు కంటే నమ్మకమైనది అదే. గల్లీ కస్టమర్ ఎవరైనా కొత్త గుడ్డతోపాటు దాన్నే ఇస్తుంది.

"కొరియర్‌ల పాత జాకెట్ ఎవరు పంపుతరత్తమ్మా? నవ్వుతరు."

"నవ్వేటోళ్లు రెడీమేడ్ కొనుక్కుంటరు తీయ్."

పంపారు. కొత్త గుడ్డ, దాని మడతలో ఇస్త్రీ చేసిన ఆది. కొన్ని కవర్లు విప్పగానే నాఫ్తలిన్ ఉండల వాసన గుప్పుమనేది. ఆ వాసనకు అర్థమేమిటో అప్పటికి నాకు తట్టలేదు.

కరీంనగర్ నుంచి ఒకామె ఆకుపచ్చ పట్టు గుడ్డ పంపింది. చెల్లెలి నిశ్చితార్థానికి కట్టుకునే చీర తాలూకు గుడ్డ. ఆది ప్రకారం దారం తేడా లేకుండా కట్ చేశాను. అంచు చేతులకు వచ్చేలా, వీపు మీద బుటా సరిగ్గా మధ్యన పడేలా. మా అలవాటు ప్రకారం పక్కల లోపల గుడ్డ వదిలి, పక్కపక్కనే మూడు వరుసల కుట్లు వేయించాను. ఒళ్లు వస్తే ఒక వరుస విప్పుకుంటే చాలు. అది మన దగ్గర ఏ ఆడదానికీ చెప్పవలసిన పని లేదు.

నిశ్చితార్థం అయిన మర్నాడు మ్యాపులో మా దుకాణం కింద ఒక్క స్టార్ వెలిగింది. "జాకెట్ ఖరాబ్ చేసిన్రు. చంకల కాడ పట్టేసింది. ఫంక్షన్‌కు ఏదో వేరే జాకెట్ ఏసుకొని పోయిన. ఎవ్వరు ఇయ్యకుండ్రి." అప్పటికి మాకున్న మంచి స్టార్లన్నీ మా చుట్టాలు ఇచ్చినవే. వాటి మధ్య ఈ ఒక్కటే నిజం లాగా కనబడుతోంది.

మా ఆయన చదివి, ఫోన్ తిరిగి ఇచ్చాడు. "ఇగ అయిపోయింది. కర్రీ పాయింటాయనకు ఫోన్ చేయనా?"

మా పిల్ల ఫోన్‌లోనే కంగారుపడింది. "సారీ అని రాద్దాం అత్తమ్మా. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, అట్ల. అందరు గదే రాస్తరు."

చేయని తప్పుకు నేనెందుకు చింతిస్తాను? కటింగ్ బల్ల ముందు నిలబడి, ఒక్క వేలితో కొట్టుకుంటూ నేనే రాశాను. "అమ్మా, మీ గుడ్డను నేను పాడు చేయలేదు. నేను తిరిగి పంపిన మీ ఆదిని, నేను కుట్టిన జాకెట్టును ఒకదాని మీద ఒకటి పరిచి చూడండి. తేడా ఉంటే నా దుకాణం మూసేస్తాను. తేడా లేకపోతే, మీరు ఆ ఆదిని చివరిసారి ఎప్పుడు తొడుక్కున్నారో చెప్పండి. లోపల అదనపు కుట్లున్నాయి, ఒక వరుస విప్పితే సరిపోతుంది. విప్పకుండా నన్ను తిట్టడం న్యాయం కాదు."

"అత్తమ్మా, కస్టమర్‌తోని ఎవరన్న గట్ల మాట్లాడతరా? తీసెయ్!"

"అండ్ల అబద్ధమేదో చూపియ్, తీసేస్త."

తీయలేదు. ఎవరో దాన్ని ఫోటో తీసి తమ కాలనీ ఆడవాళ్ల గ్రూపులో వేశారట. అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు, ఇంకో ఊరికి. ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, తిట్టే టైలర్ మీరేనా?" అని ఒకామె. "నేనే, ఏం కావాలె?" అంటే పకపక నవ్వి, "జాకెట్ కావాలె" అంది.

కరీంనగర్ ఆమె కూడా చేసింది. కొట్లాటకు సిద్ధంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఒకదాని మీద ఒకటి పరిచి చూసిన మేడం" అంది. గొంతు చిన్నగా ఉంది. "తేడా లేదు."

"మరి గా ఆది ఎప్పటిదమ్మా?"

"నా పెండ్లప్పటిది."

"పిల్లలెంత పెద్దోళ్లు?"

"పెద్దోడు టెంత్."

"అయితే ఒక వరుస ఇప్పుకోకపోయినవా? ఫంక్షన్‌కు కొత్తదే ఏసుకొని పోయేదానివి గద!"

"ఇప్పితే నేను లావైన అని ఒప్పుకున్నట్టే గద మేడం" అంది.

వాదన అక్కడే ఆపేశాను. ఇది మా ఇంట్లో ఎవరికి చెప్పినా నమ్మరు. నాఫ్తలిన్ వాసన సంగతి అప్పుడు తెలిసింది. ఈ ఆడవాళ్లు నాకు ఒంటికి పట్టే జాకెట్టు పంపడం లేదు. ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న, ఒకప్పటి తమను పంపుతున్నారు. గల్లీలో అయితే మనిషిని ఎదురుగా చూస్తాను, ఆదిని చూస్తాను, "ఇది నీదేనా, నీ బిడ్డదా?" అని అడిగేస్తాను. ఆమె నవ్వి, ఇంటికెళ్లి ఇంకోటి తెస్తుంది. ఫోన్‌లో ఆ నవ్వు జరగడం లేదు. దుకాణం ఫోన్‌లోకి ఎక్కింది కానీ, దుకాణంలో నేను చేసే అసలు పని ఎక్కలేదు.

మరుసటి ఆదివారం మా పిల్ల రాగానే ఫోన్ బల్లకు ఆనించి పెట్టమన్నాను. బావి వద్దు, పాట వద్దు. వెనకాల మాస్టర్ మిషన్ చప్పుడు, ముందు నేను.

"ఆది పంపే ముందర ఒక్కసారి తొడుక్కోండి. హుక్కులన్నీ పెట్టండి. రెండు చేతులు పైకెత్తి జడ వేసుకోండి. కింద కూర్చుని అన్నం తినండి. అప్పుడు కూడా ఊపిరాడితే అది ఆది, పంపండి. ఊపిరాడకపోతే అది జ్ఞాపకం, దాన్ని పెట్టెలోనే ఉంచండి. జ్ఞాపకానికి జాకెట్టు కుట్టడం నాకు రాదు. ఒళ్లు పెరిగిందని సిగ్గుపడేవాళ్లకు చెబుతున్నా, చీర ఎప్పుడన్నా సిగ్గుపడిందా? మీకు తగ్గట్టు చుట్టుకుంటూనే ఉంది కదా. జాకెట్టుకు మాత్రం ఎందుకంత పొగరు? దాని పొగరు నేను దించుతా, మీరు సరైన ఆది పంపండి."

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. "మరి నీ పెండ్లి జాకెట్ ఏడున్నది?" అన్నాడు. ఉంది. దాని సంగతి ఇక్కడ అవసరం లేదు.

ఆ తరువాత వచ్చిన కవర్లకు నాఫ్తలిన్ వాసన లేదు. ఉతికిన సబ్బు వాసన, చంకల దగ్గర వెలిసిన రంగు. మనుషులు నిజంగా తొడుక్కునే జాకెట్లు. దసరాకు బల్ల మీద చోటు లేక, షట్టరు మూలన గోనెసంచి పరిచి కవర్లు పేర్చాం. మాస్టర్ మధ్యాహ్నం కునుకు మానేసి, తన తమ్ముణ్ణి పక్క మిషన్ మీద కూర్చోబెట్టాడు. బొటిక్‌కు వెళ్లిపోయిన బోయిగూడ కస్టమర్ ఒకామె ఒకరోజు గల్లీ తిరిగి లోపలికొచ్చి, ఆది బల్ల మీద పడేసింది. "జెర చూసి చెప్పు, ఇది నాదేనా, జ్ఞాపకమా?" అంది. అద్దాల తలుపుల దగ్గర ఆ మాట ఎవరితో అనగలదు?

కర్రీ పాయింట్ పెట్టారు, మా షట్టర్లో కాదు, రెండిళ్ల అవతల. వంటకు నాకు తీరిక లేని రోజుల్లో మా ఆయనే టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడ నిలబడతాడు. టైంపాస్ అన్న మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

కాబట్టి బంతిలో కథ చెప్పేవాళ్లారా, నా నోటికి అదృష్టం కలిసొచ్చిందని కూడా అనకండి. ఈ నోరు నాకు పుట్టినప్పటి నుంచీ ఉంది. ఫోన్ మా పిల్ల చేతిలో ఎప్పటి నుంచో ఉంది. ఒకామె పంపిన ఆకుపచ్చ పట్టు గుడ్డను దారం తేడా లేకుండా కత్తిరించిన చెయ్యి ఉండబట్టే ఆ నోటికి విలువ వచ్చింది. తేడా ఉండి ఉంటే, నేనన్నట్టే దుకాణం మూసేదాన్ని.

ఒక్కటి మాత్రం మిగిలింది. కరీంనగర్ ఆమె ఇప్పుడు ప్రతి పండక్కీ గుడ్డ పంపుతుంది. ఇప్పటి ఆదే పంపుతుంది. తన స్కూల్లో తోటి టీచర్ల గుడ్డలు కూడా కలిపి పంపుతుంది. మ్యాపులో మాత్రం ఆ ఒక్క స్టార్ అలాగే ఉంది. కొత్తగా చూసేవాళ్లు ముందు దాన్నే చదువుతారు, తరువాత నా జవాబు చదువుతారు, తరువాత ఫోన్ చేస్తారు. అయినా నాకు ఊరుకోవడం రాదు కదా, మొన్న అడిగేశాను.

"ఇన్ని జాకెట్లు కుట్టించుకుంటివి, అన్ని మంచిగనే పట్టె. గా స్టార్ మారుస్తలేవేందమ్మా?"

"పచ్చ జాకెట్ నాకు పట్టిననాడు మారుస్త మేడం" అంది, నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.

ఆ జాకెట్టు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. లోపలి కుట్టు వరుస విప్పడానికి పిన్నీసు చాలు. విప్పితే నాకు అయిదు స్టార్లు, ఆమెకు పట్టు జాకెట్టు. ఊరందరికీ జాకెట్టు పొగరు దించమని నేర్పిన నాకు ఈ ఒక్కామె సంగతి అంతుపట్టడం లేదు. ఇంత దూరం వచ్చిన మనిషి, ఆ ఒక్క వరుస ఎందుకు విప్పదు?