ముఖం సరిపోలలేదు

వసంతమ్మ అలిపిరి దగ్గర టోపీలు అమ్మేది. కొండ మీద తలనీలాలిచ్చి దిగివచ్చిన వాళ్ల నున్నటి తలలకు ఎండ తగలకుండా కాపాడే నూలు టోపీలు. పసిపిల్లలకు కుచ్చులున్నవి, పెద్దలకు సాదావి. “రా సామీ, గుండు సల్లగా ఉంటాది, పెట్టుకొని పో!” అని ఆమె కేక వేస్తే ఎండలో మాడిపోతున్నవాళ్లు సైతం నవ్వుతూ ఆగేవాళ్లు.

పుట్టింది చిత్తూరు దగ్గర చెరకు పండే పల్లె. బెల్లం వండే పనులు సన్నగిల్లాక భర్త చెంగయ్యతో కలిసి తిరుపతి చేరింది. చెంగయ్య తాపీ పనికి సూళ్లూరుపేట వైపు వెళ్తే వారాల తరబడి అక్కడే ఉండిపోతాడు. ఇంట్లో ఆమె, కూతురు కోమలి. కోమలి బస్టాండు దగ్గర బట్టల కొట్లో పనిచేస్తుంది. ఇంటికి ఉన్న ఒకే ఒక మంచి ఫోను ఆ పిల్లదే.

గుండు ఈ ఊళ్లో వింత కాదు. బస్సులో, హోటల్లో, బ్యాంకు వరుసలో, పెళ్లి పందిట్లో, ఎక్కడ తల తిప్పినా కనిపిస్తుంది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇదే ఊళ్లో, ఈ జనం కోసమే, గుండు అనేది ఒకటి ఉంటుందని తెలియని యంత్రాన్ని తయారుచేసి, ఒక మనిషి ప్రాణాన్ని దాని చేతిలో పెట్టారు.

వసంతమ్మకు దగ్గు పట్టుకుంది. పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ఆ రోజుల్లోనే ఒక ప్రైవేటు ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ల పేటలో అడుగుపెట్టింది. రోగి రోజూ మందు మింగుతున్నదీ లేనిదీ చూడటానికి మనిషి రానక్కర్లేదని, ఫోను చాలునని నిరూపించడం దాని ఉద్దేశం. రోగి ఫోను ముందు కూర్చోవాలి. యాప్ ముందుగా ముఖాన్ని గుర్తుపట్టాలి. ఆ తరువాత మాత్రలు అరచేతిలో చూపి, మింగి, నోరు తెరిచి నాలుక ఎత్తాలి. అన్నీ కుదిరితే తెర మీద పచ్చ గుర్తు వెలుగుతుంది. ఆ గుర్తులు వరుసగా తప్పితే ఆ పేరు మీద మాత్రలు ఆగిపోతాయి. పైగా ఆ వీడియోలే సంస్థలోని విద్యార్థులకు పాఠాలు.

మొదట్లో అంతా సజావుగానే సాగింది. దగ్గు తగ్గితే తలనీలాలిస్తానని వసంతమ్మ మొక్కుకుంది. తగ్గింది. ఎన్నో వేల గుండ్లకు టోపీలు తొడిగిన ఆ మనిషి, మెట్లెక్కే ఊపిరి లేక, బస్సులో కొండకు పోయి కల్యాణకట్టలో కూర్చుని జుట్టు ఇచ్చి వచ్చింది. మందు సగంలో ఉండగా మొక్కు తీర్చుకోకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసి వస్తుందని ఎవరికీ తోచలేదు.

మర్నాడు ఫోను ముందు కూర్చుంది. “ముఖం సరిపోలలేదు” అంది ఫోను.

కోమలి పకపకా నవ్వింది. “మా, నిన్ను సూసి ఫోను కూడా బెదిరిపాయె!”

“గుండు కొట్టుకుంటే మనిషి మారిపోతాదా మే? సరిగ్గా పట్టు.”

కిటికీ దగ్గర పట్టారు. గడప దగ్గర పట్టారు. కొంగు తల మీదికి లాగి పట్టారు. ఫోను అదే మాట చెప్పింది. మూడో రోజుకు ఆ ఇంట్లో నవ్వు ఆగిపోయింది.

సంస్థ తరఫున పేటలో తిరిగే నవీన వచ్చింది. అదే వీధి పిల్ల. పై అధికారి శేషసాయికి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది.

“సార్, వసంతక్క తలనీలాలిచ్చింది. ఫోటో మార్చండి సార్.”

“ఫోటో మార్చడం నియమాలకు విరుద్ధమమ్మా. ఒకరి బదులు ఒకరు కూర్చోకుండా ఉండటానికే కదా ఆ ఏర్పాటు. జుట్టు వచ్చేదాకా ఆగమనండి.”

వసంతమ్మ ఫోను వైపు వంగింది. “సామీ, జుట్టు వచ్చేదాకా రోగం కాసుకోనుంటాదా?”

అవతల శేషసాయి ఫోను పెట్టేశాడు.

యాప్ ఏమైనా పాడైందేమోనని కోమలి దాన్ని మళ్లీ తెరిచింది. తెరలో తన ముఖం కనబడింది. అదే నుదురు, అదే ముక్కు, ఒత్తయిన జుట్టు. చుట్టూ పచ్చ గీత వెలిగింది. “స్వాగతం, వసంతమ్మ గారూ” అని ఫోను తీయగా పలికింది.

నవీన ఫోను అందుకుని ఆ పచ్చ గీతను మళ్లీ చూసింది.

వసంతమ్మ వైపు తిరిగింది. “అక్కా, ఓ మాట. కోమలి మింగినట్టు సూపిద్దాం. పేరు ఆగిపోతే నీకు అసలుకే మాత్రలు రావు.”

“బిడ్డ మింగితే నా రోగం యాడ పోతాది మే?”

“నాలుగు రోజులు పేరు నిలబెడదామక్కా. నీకు పెద్దాసుపత్రిలో అడిగి నేను వేరే తెచ్చిస్తా.”

సంస్థ లెక్కపెట్టి ఇచ్చేది రోజుకొక మోతాదే. ఆ మోతాదు ఇప్పుడు కోమలి కడుపులోకి పోయింది. బుగ్గన దాచుకోవడానికి, ఉమ్మేయడానికి వీలులేకుండా ఆ యాప్‌ను తయారుచేశారు. ఆ ఒక్క పని మాత్రం అది నిక్కచ్చిగా చేసింది. నవీన ఆసుపత్రికి పోతే, ఈ పేరు మీద అప్పటికే సంస్థ మందు ఇస్తున్నదని, ఒకే పేరుకు రెండుచోట్ల ఇవ్వడం కుదరదని తిప్పి పంపారు. నాలుగు రోజులన్నది వారాలైంది. రోగం లేని పిల్లకు వాంతులు, ఎర్రటి మూత్రం. రోగమున్న తల్లికి మళ్లీ దగ్గు. తెర మీద మాత్రం రోజూ పచ్చ గుర్తు.

ఒక సాయంత్రం వసంతమ్మ దగ్గి గుడ్డ తీసి చూస్తే రక్తం. ఆ గుడ్డ చేతిలో ఉండగానే నవీన పరుగెత్తుకుంటూ వచ్చి తన ఫోను చూపించింది. సంస్థ వాళ్ల గ్రూపులో వచ్చిన దృశ్యం అది. నిండిన తరగతి గది. గోడంత తెర. తెర మీద కోమలి నోరు తెరిచి నాలుక ఎత్తుతోంది. కింద పెద్ద అక్షరాల్లో “ఆదర్శ రోగి: వసంతమ్మ, వయసు నలభై ఆరు.”

“నేను నలభై ఆరేండ్ల దాన్లాగుండానా మా?” అంది కోమలి. నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ గదిలో రేపు వైద్యం చేయబోయే విద్యార్థులున్నారు, వాళ్లకు చెప్పే అధ్యాపకులున్నారు. ఇరవై ఏళ్లు దాటని పిల్ల ముఖం కింద నలభై ఆరని రాసి ఉంటే, ఇదేమిటని ఒక్కరంటే ఒక్కరు చేయెత్తలేదు. రోగి పేరు, రోగం, ఆమెదని చెబుతున్న ముఖం, ఇన్నింటినీ ఎవరి అనుమతితో బజారున పెట్టారని ఒక్కరూ అడగలేదు. యంత్రానికి కళ్లు లేవని సరిపెట్టుకుందాం. ఆ గదిలో కూర్చున్నవాళ్లకు ఉన్నవేమిటి? రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణంలో జీవించే హక్కును మనిషికి ఇచ్చింది. ఆ మనిషి తొలిరోజు దిగిన ఫోటోకు కాదు.

జరిగిందంతా రాసి నవీన, కోమలి ఫిర్యాదు పంపాక సంస్థ కదిలింది. “సాంకేతిక అంతరాయానికి చింతిస్తున్నాము” అన్నది. రక్తం కక్కడానికి వాళ్లు పెట్టిన పేరు అది! మందు మళ్లీ మొదటి రోజు నుంచి మొదలైంది. రోగక్రిములు ఆ మందుకు ఇంకా లొంగుతాయో, మొండికేశాయో తేల్చుకోవడానికి కఫాన్ని పరీక్షకు పంపారు. ఫలితం ఇంకా రాలేదు. శేషసాయి స్వయంగా ఇంటికి వచ్చి, ఇంకా నూగు జుట్టు గుండుతోనే ఉన్న వసంతమ్మకు కొత్త ఫోటో తీశాడు.

“ఇకమీదట ఇదే ప్రమాణమమ్మా” అన్నాడు.

“మల్ల జుట్టు వస్తే సార్?” అని కోమలి అడిగింది.

“ఫోటో ఒక్కసారే మార్చగలం. నియమం.”

దీని మీద కూడా ఫిర్యాదు వెళ్లింది. జవాబు రావలసి ఉంది. జుట్టు జవాబుల కోసం ఆగదు. వేలి కణుపంత పెరిగేసరికి, అప్పుడప్పుడు ఫోను మళ్లీ తడబడటం మొదలుపెట్టింది. పచ్చ గుర్తు రావడానికి మూడు నాలుగు సార్లు పట్టవలసి వచ్చింది. వసంతమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు పొద్దున్నే ముక్కుకు గుడ్డ కట్టుకుని, వీధి చివర కుప్పయ్య మంగలి కొట్టుకు నడిచి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

కుప్పయ్య తెల్లబోయాడు. “మొన్ననే కదక్కా తలనీలాలిచ్చి వచ్చింది? ఇంకా మొక్కు ఉండాదా?”

“సామి మొక్కు తీరిపాయెరా అబ్బా. ఇది ఫోనుకు.”

కుప్పయ్య నీళ్లు చిలకరించి, కత్తికి కొత్త బ్లేడు వేశాడు.