మా బావ నేర్చుకున్న కాన్పు

మా బావ ఓబులేష్ కాన్పు క్లాసుకు పోయినన్నాళ్లూ కడుపుతో ఉన్నది నేనే. మా అక్క అంబిక ఏడో నెల రాగానే పుట్టింటికి, బాగేపల్లికి వెళ్లిపోయింది. క్లాసేమో ఇక్కడ సిటీలో, బ్రూక్‌ఫీల్డ్‌లో. మొగుడూ పెళ్లామూ జంటగా రావాలన్నారు. ఆ పక్కనే హూడిలో అద్దెకు తీసుకున్న గదిలో బావతో ఉండేది నేనొక్కడినే. చొక్కా కింద దిండు దూర్చుకుని వెళ్లాను.

క్లాసు చెప్పే నళిని మేడం బావ క్యాబ్ ఎక్కే మనిషి. మాటవరసకు "మీరూ రండి ఓబులేష్" అంది. బావ నిజంగానే వెళ్లాడు.

ఎందుకు వెళ్లాడో నాకు తెలుసు. మొదటి కాన్పులో బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది. అప్పుడు బావ ఆసుపత్రి వరండాలో ఉన్నాడు. తువ్వాల్లో చుట్టి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టారు. ఆ రోజు నుంచి ఆయన మొహం షట్టర్ దించేసిన అంగడి. క్యాబ్ తోలతాడు, ముద్ద తింటాడు, పడుకుంటాడు. నేనేం చేసినా నవ్వడు. ఒకసారి బూట్లలో ఐసు ముక్కలు వేసిపెట్టాను. వాటితోనే తొడుక్కుని, తడి కాళ్లతో డ్యూటీకి పోయాడు.

అక్క ఆయన్ని అడిగింది ఒక్కటే. "ఈసారి లోపల నన్ను ఒంటిదాన్ని చేయొద్దు."

క్లాసులో నొప్పి వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీయాలో, ఎలా వదలాలో చెప్పారు. నడుము కింద రెండు బొటనవేళ్లు పెట్టి నొక్కమన్నారు. బావ టైరులో గాలి చూసినట్టు నొక్కాడు.

"మెల్లిగా బావా! బిడ్డ కంటే ముందు నా ప్రాణం బయటికొస్తాది."

"నొప్పి ఎక్కడుండాదో చెప్పు. అడగమన్నారు మేడం."

"మర్యాదలో ఉండాది."

చాపల మీద కూర్చున్న జంటలన్నీ నవ్వాయి. బావ అదే మొహంతో వేళ్లు కొంచెం కిందికి జరిపాడు.

తర్వాతి వారం ఆయనే నోరు తెరిచాడు. "మేడం, మా ఊరి ఆసుపత్రిలో మగోళ్లని లోపలికి రానీరు. ఒక ఆడమనిషిని ఉండనిస్తారు, అంతే. మళ్ల ఇదంతా నేర్చుకుని నేనేం చేసేది?"

కాన్పు క్లాసు దండగని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. ఆ నిమిషం మాత్రం నాకు అనాలనిపించలేదు.

"లోపల ఎవరుంటారో వాళ్లకి నేర్పించండి" అంది మేడం.

లోపల ఉండేది మా అమ్మ అక్కయమ్మ. చిక్కంతా అక్కడే. పెళ్లయినప్పటి నుంచి అమ్మ అల్లుడి మొహం చూసి మాట్లాడింది లేదు. ఆయన వస్తే తలుపు చాటుకు పోయి, కొంగు తలమీదికి లాక్కుని, చెప్పాల్సింది నాకు చెప్తుంది.

ఆదివారం బాగేపల్లిలో, నడింట్లో బావ ముందు దిండుతో కూర్చున్నాను. అక్క మంచం మీద శనక్కాయలు వలుచుకుంటూ చూస్తోంది.

"రేయ్ హరీ, మీ బావ కాఫీ తాగుతాడేమో అడుగు" అంది అమ్మ, తలుపు వెనక నుంచి.

"తాగడంట. నిన్నొచ్చి నా నడుము నొక్కమంటాడు."

"థూ, సిగ్గులేనోడా! ఇద్దర్ని కన్నా నేను. నాకు క్లాసా?"

బావ నేలకేసి చూస్తూ అన్నాడు. "హరీ, పోయినసారి లోపల ఏం చేసిందో అత్తని అడుగు."

అక్క శనక్కాయలు వలవడం ఆపింది.

"ఏం చేస్తా" అంది అమ్మ. "కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తా నిలబడినా. నన్ను చూసి అది ఇంకా బెదిరిపోయినాది."

తర్వాత బయటికొచ్చింది. వచ్చి నా వెనక కూర్చుంది.

"నొక్కేదానికి నా నడుమే ఉండాది కదమ్మా" అంది అక్క.

"నీకింకా నొప్పులు రాలేదు. వీడికి వచ్చిండాయి."

రాగిముద్ద కెలికే చేతులవి. నేను నిజంగానే అరిచాను.

"ఇట్లనా?" అంది. నాతో కాదు, బావతో.

"కొంచెం కిందికి అత్తా" అన్నాడు బావ.

నొప్పులు పట్టిన రోజు అమ్మ అక్కతో లోపలికి పోయింది. మేమిద్దరం వరండాలో మిగిలాం. అదే వరండా. లోపలి నుంచి అమ్మ గొంతు వినబడుతోంది. "తీయమ్మా... వదులు... నన్ను చూడు, నన్నే చూడు." ఆ గొంతు లేచినప్పుడల్లా నా నడుము మీద రెండు బొటనవేళ్లు పడుతున్నాయి. ఆయన నొక్కుతున్నట్టు ఆయనకే తెలీదు.

"ఏమప్పా, నీకూ నొప్పులా?" అంది ఎదురుగా కూర్చున్న ముసలామె.

"అవునవ్వా, తొలికాన్పు."

లోపల గొంతు ఆగింది. వేళ్లూ ఆగాయి. అప్పుడు ఏడుపు వినబడింది.

బావ మొహంలో ఏమీ మారలేదు. అమ్మ తువ్వాల్లో చుట్టి తీసుకొచ్చింది. తల మీద కొంగు లేదు. నేరుగా ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఆడపిల్లప్పా. నేను ఏడవలేదు, నువ్వు చెప్పినట్లే నొక్కినా. అంబిక బాగుండాది. ఇదో, పట్టుకో."

బావ ఆ తువ్వాలుకేసి చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఉండత్తా. చేతులు తిమ్మిరెక్కినాయి."

"ఎంతసేపప్పా?"

"నాకిచ్చినాక కూడా ఏడుస్తాదా?"



"ఏడుస్తాది" అంది అమ్మ. "చేతులు చాపు."

చాపాడు. అమ్మ పెట్టింది. బిడ్డ ఏడుస్తూనే ఉంది. బావ నవ్వలేదు, ఏడవలేదు, కొయ్యలా నిలబడ్డాడు. చూస్తే ఊపిరి కూడా తీయడం లేదు.

"ఊపిరి, బావా" అన్నాను.

తీశాడు. వదిలాడు.

నర్సు వచ్చి, తల్లి దగ్గరికి తీసుకుపోవాలి, బిడ్డని ఇమ్మంది. వినబడనట్టే నిలబడ్డాడు.