గుడ్డ కప్పిన టచ్ స్క్రీన్

తిరుపతిలో ఒక మ్యూజియం కోసం, పాత శిల్పాల కథలు చెప్పే టచ్ స్క్రీన్ తయారుచేశాను. చదువు రానివాళ్లకూ తెలియాలని, బొమ్మను తాకితే మాటలు వినిపించేలా పెట్టాను. ప్రారంభమైన వారానికి వెళ్లి చూస్తే దాని మీద గుడ్డ కప్పి, 'తాకరాదు' అని బోర్డు పెట్టారు. పూతలపట్టు నుంచి వచ్చిన ఒక అవ్వ గుడ్డ ఎత్తబోతే కాపలావాడు కసిరాడు. నాకు ఒళ్లు మండి నేరుగా అధికారి గదిలోకి వెళ్లాను.

"ఎందుకు మూసినారు సార్?"

"పల్లెటూరోళ్లు చేతులు పెట్టి చెడగొడతారప్పా. పెద్దోళ్లు వచ్చినప్పుడు తీస్తాంలే."

"నేను చేసిందే ఆ పల్లెటూరోళ్ల కోసం సార్," అని బయటికొచ్చి గుడ్డ లాగేశాను. "రా అవ్వా, ఈ బొమ్మను తాకు."

ఆమె భయంగా వేలు పెట్టి, కథంతా కదలకుండా విన్నది. "మన మాట మాదిరే ఉండాది నాయనా," అంది.

మర్నాటికల్లా స్క్రీన్‌కు చెక్కపెట్టె బిగించి తాళం వేశారు. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు.