గోధుమ బిస్కెట్లు

మా ముగ్గురిదీ ఒకే బడి. ముప్పై ఏళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చుని, ఒకరి తర్వాత ఒకరం రిటైరయ్యాం. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆదివారం ఒకచోట చేరి బిస్కెట్లు మార్చుకోవడం మాత్రం మానలేదు. ఎవరి ముద్ద వాళ్ళు ఇంట్లో కలుపుకుని, మధ్యాహ్నం రొట్టెల పని అయిపోయాక బేకరీవాళ్ళ బట్టీలో కాల్పించుకొచ్చేవాళ్ళం. కొన్న బిస్కెట్లు డబ్బాలో సర్దుకొస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఒకసారి మాలో రెండో ఆమె, పొన్నూరులో ఉండే నేస్తం, అలాగే తెస్తే, చర్చి మెట్ల మీదే కడిగి పారేశాను. నా నోరు అలాంటిది.

క్రితం ఏడాది మా మూడో ఆమె జబ్బుపడింది. ఆమె ఇక్కడే బ్రాడీపేటలో, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. వేసవి నుంచి కీమో ఎక్కిస్తున్నారు. నోరంతా పూసింది. పెరుగన్నం కూడా ఉప్పు లేకుండా మిక్సీలో వేసి ఇస్తే, చెంచాతో కొంచెం కొంచెం మింగేది. తిండి ఇష్టంగా తినే మనిషి. అలా చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. డిసెంబరు మొదట్లో ఫోన్ చేసింది.

"ఈసారి నేను కాల్చలేనే. మీరు మానకండి, మా ఇంటికే రండి. నాకు నీ బిస్కెట్ ఒకటి తినాలని ఉంది. పాలల్లో నానేసుకుని తింటాలే."

ఫలానాది తినాలని ఉందని ఆమె నోరు తెరిచి అడగడం నెలల తర్వాత అదే మొదటిసారి. ఇంక నా హడావుడి చూడాలి. మైదా అరగదేమోనని గోధుమలు కడిగి, ఎండబెట్టి, మిల్లుకు నేనే మోసుకెళ్ళాను. గోధుమల మరకు బెల్టు తెగిందట. సాయంత్రందాకా కాదన్నాడు మిల్లు ఆయన.

"అయితే ఆ రెండో దాంట్లో వేసెయ్యండి."

"అది కారం ఆడే మరండీ టీచర్‌గారూ. సాయంత్రం రండి."

"బేకరీ ఆయన మూడింటికి రమ్మన్నాడు. ముందు బియ్యం పోసి తిప్పండి, తర్వాత ఇవి పోయండి. ఆ మాత్రం నాకు తెలీదా?"

బడిపిల్లల్ని గదమాయించినట్టు గదమాయించాను. ఆయన మూడు గుప్పిళ్ళ బియ్యం పోసి తిప్పి, ఆపైన నా గోధుమలు పట్టాడు. పిండిని వేళ్ళతో నలిపాను, వాసన చూశాను. ఏమీ తెలియలేదు. మిర్చి యార్డు మీదుగా వచ్చే గాలికి కూడా తుమ్మని ముక్కు నాది. బట్టీలోంచి తీశాక వేడివేడిగా ఒక బిస్కెట్ తిన్నాను కూడా. కమ్మగా ఉంది. పొద్దున ఇడ్లీలోకి కారప్పొడి, మధ్యాహ్నం మొదటి ముద్దలోకి పండుమిరపకాయ పచ్చడి తినే నాలుక ఇంకేం చెబుతుంది?

ఆదివారం ఇద్దరం వాళ్ళింటికి చేరాం. పొన్నూరు ఆమె తన డబ్బా నా చేతిలో పెట్టి, "కాల్పించినవేనే తల్లీ, కావాలంటే బేకరీవాళ్ళని అడుగు," అంది. దిండ్లకు ఆనుకుని కూర్చున్న మనిషి నవ్వింది. నేను వెచ్చటి పాలల్లో బిస్కెట్ ముంచి, మెత్తబడ్డాక చెంచాతో ఆమె నోట్లో పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు బుగ్గల మీదికి జారాయి.

"ఎలా ఉందే?"

"బాగుంది."

పాత రోజులు గుర్తొచ్చాయనుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే ఇంకో చెంచా పెట్టాను. మరొకటి పెట్టాను. బిస్కెట్ మొత్తం తినిపించి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను.

సాయంత్రం పొన్నూరు నుంచి ఫోన్.

"ఏమే, నీ బిస్కెట్లలో కారం ఏమన్నా కలిసిందా? నాకైతే తెలియలేదు గానీ, మా మూడేళ్ళ మనవరాలు ఒకటి కొరికి మంట మంటని ఒకటే ఏడుపు."

వెంటనే మా మూడో ఆమె ఇంటికి ఫోన్ చేస్తే ఆమె కూతురు ఎత్తింది.

"మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ అమ్మ మంచినీళ్ళు కూడా మింగలేకపోతోంది ఆంటీ. ఎందుకో తెలియట్లేదు."

ఎందుకో చెప్పాను. "సరే ఆంటీ, డాక్టరుకి చెబుతాను," అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. క్షమించమని అడగాలనే వెళ్ళాను. పెదాలు వాచిపోయిన ఆమె మొహం చూడగానే మాత్రం అరిచేశాను.

"నోట్లో మాట లేదా నీకు? మండుతోందని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? ఉమ్మెయ్యొచ్చుగా?"

దగ్గరికి రమ్మని సైగ చేసింది. మాట సరిగ్గా రావడం లేదు. వంగి చెవి ఆనించాను.

"ఇన్నాళ్ళూ నేను తింటుంటే అందరూ భయంగానే చూస్తున్నారే. నిన్న నువ్వు సంతోషంగా చూశావు. ఆపమనడానికి మనసు రాలేదు."

పండగ ముందురోజు ఆమెకు ముక్కులోంచి గొట్టం వేశారు. ఎలాగూ వేయాల్సిందేనని, బిస్కెట్ వల్ల కాదని డాక్టరు చెప్పాడట. కూతురు ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. జనవరి ఆఖరులో ఆమె పోయింది. అప్పటిదాకా ఆ గొట్టం తీయలేదు. ఆమె తన నోటితో తిన్న ఆఖరి తిండి నేను పెట్టిందే. నేను పెడుతూనే ఉన్నాను, ఆమె నోరు తెరుస్తూనే ఉంది.