గుంట మీది తెల్ల డబ్బా

బహ్రెయిన్‌లో గలాలీ ఒడ్డున, సముద్రంలో ఆ గుంటను కనిపెట్టడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. నేను ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని, కొలవనిదే ఏదీ నమ్మను. ప్రతి శుక్రవారం నోటుబుక్కులో ఐదు గడులు నింపేవాణ్ణి: పోటు వేళ, గాలి దిక్కు, నీటి వేడి, ఎర, పడ్డ చేపలు. చలికాలంలో సాఫీ చేపలు ఎండకు కాస్త వెచ్చబడ్డ నీళ్ళలోకి నాచు మేయడానికి వస్తాయి. చలి తగ్గాక శేరీ చేపలు రాళ్ళ దగ్గరికి చేరతాయి. ఆగస్టులో ఒడ్డు నీళ్ళు కాగిపోతాయి. ఆఖరి గడిలో వరసగా సున్నాలే.

ఆ సున్నాలు భరించలేకే పొడుగు తీగ ఉన్న థర్మామీటరు కొసను సీసపు గుండుకు కట్టి అడుగడుగునా దించి చూశాను. నీరు తీసిన వేళ నడుము లోతులో రెండు వందల అడుగులు నడిచాక, ఎప్పుడో ఇసుక తోడిన గుంట తగిలింది. దాని అడుగున మూడు డిగ్రీలు చల్లన. మొదటి ఉదయమే నాలుగు శేరీలు, ఒక చిన్న హమూర్ చేప. మళ్ళీ వెతుక్కోనక్కర్లేకుండా తెల్ల నూనె డబ్బా ఒకటి సిమెంటు దిమ్మకు కట్టి గుంట అంచున తేలేలా వదిలాను.

ఈ సంగతి ఒక్కరికే చెప్పాను. ఆయనది జగిత్యాల వైపు, ఇక్కడ సెంట్రింగ్ పని. మూడేళ్ళుగా శుక్రవారాల్లో నా జోడీ. కాకినాడవాణ్ణయి ఉండీ నాకు గాలం ముడి రాకపోతే నేర్పింది ఆయనే. బహ్రెయిన్లో నాకు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మాట్లాడకుండా గంటసేపు పక్కన నిలబడగలిగింది మాత్రం ఆయనొక్కడితోనే.

డబ్బా కట్టాక మూడో శుక్రవారం మేమిద్దరం వెళ్ళేసరికి గుంట పక్కన ఒక పడవ ఆగి ఉంది. అందులో ఇద్దరు, చేతుల్లో గాలాలు. ఆ పై వారం కూడా వాళ్ళే.

"ఎవరన్నా వీళ్ళు?" అన్నాను.

"ఎవలో ఏమో. సముద్రం మన అయ్య జాగీరా తమ్మీ?" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. గుంట తెలిసినవాళ్ళు ఇద్దరు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన ఉండే లేబర్ క్యాంపు గదిలో ఎనిమిదిమంది. పడవ వచ్చిన ఉదయం ఫోన్లో ఎవరితోనో "ఆ, గీడనే ఉన్న" అన్నాడు. పడవను చూసి ఆశ్చర్యపోలేదు. రాసేకొద్దీ పాత మాటలు కూడా గుర్తొచ్చి, ఒక్కొక్కటే ఆ పేజీలో చేరాయి.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష అనుకున్నాను. ఆయన్ని వేరే చోటికి పంపితే, పడవవాళ్ళు ఆయన మాట విని అటే పోవాలి. గురువారం ఫోన్ చేశాను.

"అన్నా, రేపు నాకు డ్యూటీ పడింది. శేరీలు జల్లాఖ్ ఒడ్డు వైపు మళ్ళాయి, లెక్క చూశాను. మీరు వెళ్ళి చూసి రండి."

"నువ్వు జెప్పినంక ఇంకేంది! పొద్దుగాల్ల బస్సుకే పోత."

శుక్రవారం తెల్లారాక నేను గలాలీలో ఉన్నాను. గంట తిరక్కుండా పడవ వచ్చింది, నేరుగా గుంట మీదికే. నడుము లోతుకు నడిచి వెళ్ళి, ఈ చోటు ఎవరు చెప్పారని హిందీలో అడిగాను.

పడవ నడిపేవాడు నా డబ్బా వైపు చెయ్యి చూపాడు. "ఎవరో గర్గూర్ వేశారు కదా భాయ్. గర్గూర్ ఉన్నచోట చేప ఉంటుంది. అందుకే వస్తున్నాం."

గర్గూర్ అంటే ఇక్కడి జాలర్లు సముద్రం అడుగున దించే తీగ బుట్ట. ఎక్కడ దించారో తెలియడానికి పైన ఇలాంటి డబ్బానే కడతారు. అది నేను మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

ఒడ్డుకు వచ్చేసరికి ఫోన్ మోగింది.

"తమ్మీ, ఒక్కటి గూడ పడలె. ఎండ జోరుగ గొడ్తంది. ఇంకో రెండు గంటలు జూస్త. నువ్వు జెప్పినవంటె ఉంటయ్."

కారు తీసి జల్లాఖ్ వెళ్ళాను. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని మోకాళ్ళ లోతులో నిలబడి ఉన్నాడు, మెడ కమిలిపోయి. నన్ను చూసి, "డ్యూటీ ఖలాసైందా?" అన్నాడు. డ్యూటీ లేదని, చేపల మాట అబద్ధమని, డబ్బా సంగతి, అన్నీ వరసగా చెప్పాను.

ఆయన గాలం చుట్టడం ఆపలేదు. "నన్ను దొంగను జేసినవ్ గదా తమ్మీ. ఆ డబ్బా జూసిన్నాడే, గిది జూసి అందరొస్తరు గదా అని అడుగుదామనుకున్న. ఇంజనీర్ సాబ్ లెక్కలు మనకేం ఎర్క అని ఊకున్న."

కార్లో క్యాంపు దాకా ఇంకేం మాట్లాడలేదు. ఎప్పుడూ ఉండే మౌనం కాదది.

వచ్చే శుక్రవారం రాడనుకున్నాను. వచ్చాడు. అప్పటికే నేను డబ్బా తీసేశాను. గుంట అంచు దగ్గర నిలబడి, "ఇక్కడ వేయండన్నా, అడుగున చల్లగా ఉంది" అన్నాను.

ఆయన చెయ్యి చాపాడు.

"ఏదీ, ఆ మీటరు ఇటియ్యి."

గుండును తానే నీళ్ళలోకి దించాడు. ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని అంకె చదివాకే, గాలానికి ఎర గుచ్చాడు.